గాంధీ జమాఖర్చుల పుస్తకం: చందా డబ్బుకు అసలు యజమాని ఎవరు?

దక్షిణాఫ్రికాలోని నేటాల్ వలస రాజ్యంలో టోంగాట్ అనే చిన్న ఊరు. 1890ల నడుమ ఒక సాయంత్రం కొందరు భారతీయ వ్యాపారులు, వారితో పాటు పాతికేళ్ల యువ న్యాయవాది ఒకరు అక్కడి ఒక షావుకారు ఇంటికి చందా కోసం వెళ్లారు. ఆయన ఆరు పౌన్లు ఇస్తారని వీళ్ల అంచనా. ఆయన మాత్రం మూడు పౌన్ల దగ్గరే ఆగిపోయారు. భోజనాల వేళ దాటిపోతోంది, అందరికీ ఆకలిగా ఉంది. అయినా ఆరు పౌన్లు ఇచ్చేదాకా ఆ ఇంట్లో అన్నం ముట్టకూడదని వచ్చినవాళ్లు అనుకున్నారు. ఊళ్లోని మిగతా వ్యాపారులూ వచ్చి నచ్చజెప్పారు. ఆయన కదల్లేదు, వీళ్లూ లేవలేదు. రాత్రంతా అలాగే గడిచింది. తెల్లవారాక ఆయన దిగివచ్చి, ఆరు పౌన్లూ ఇచ్చి, అందరికీ భోజనం పెట్టి పంపారు.

ఆ యువ న్యాయవాది మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ. మూడు పౌన్లతో సరిపెట్టుకుంటే మిగతా షావుకార్లూ అదే దారి పడతారని, వసూళ్లు దెబ్బతింటాయని ఆయన భయం. అంత పట్టుబట్టి తెచ్చిన డబ్బును ఆ తర్వాత ఏం చేశారన్నది అంతకంటే ముఖ్యం. ప్రతి చందాకూ రసీదు ఇచ్చారు. ప్రతి ఖర్చునూ పద్దులో రాశారు. 1894 నాటి లెక్కల పుస్తకాలు వెతికితే ఇప్పటికీ చెక్కుచెదరకుండా దొరుకుతాయని, మూడు దశాబ్దాల తర్వాత ఆత్మకథ రాస్తున్నప్పుడు ఆయన ధీమాగా చెప్పుకున్నారు.

గాంధీ జీవితాన్ని ఉపవాసాల నుంచో, జైళ్ల నుంచో, ఉప్పు నుంచో మొదలుపెట్టి చెప్పడం మనకు అలవాటు. ఆయన జమాఖర్చుల పుస్తకం నుంచి కూడా చెప్పవచ్చు. దాదాపు 50 ఏళ్లపాటు ఆయన ఇతరుల డబ్బుతో సంస్థలు నడిపారు. స్వచ్ఛంద సంస్థలను ఎవరు అదుపు చేయాలి, ఎవరికి అవి జవాబు చెప్పాలి అని దేశం నేడు పడుతున్న మీమాంసకు ఆయన జీవితంలో ఒక సమాధానం ఉంది. ఆ సమాధానంలో ఒక లోటు కూడా ఉంది.

పడుకునే ముందు లెక్క

1869లో పోర్‌బందర్‌లో పుట్టిన గాంధీ 1888లో బారిస్టర్ చదువుకు లండన్ వెళ్లారు. అక్కడ బస్సు చార్జీలు, తపాలా బిళ్లలు, పత్రికకు పెట్టిన చిల్లర వరకు అన్నీ రాసుకునేవారు. ప్రతి రాత్రి పడుకునే ముందు నిల్వ తేల్చేవారు. చదువుకునే కుర్రాడి పొదుపుగా మొదలైన అలవాటు జీవితాంతం నిలిచింది. తర్వాతి కాలంలో లక్షల రూపాయల ప్రజాధనం తన చేతుల మీదుగా వెళ్లినా, తాను నడిపిన ఉద్యమాలు అప్పుల్లో పడకపోవడానికి ఆ అలవాటే కారణమని ఆయన నమ్మారు.

1893లో ఒక వ్యాపార వివాదంలో సాయపడటానికి దక్షిణాఫ్రికా వెళ్లిన ఆయన, భారతీయుల ఓటు హక్కు తీసేసే బిల్లుకు వ్యతిరేకంగా అక్కడే ఉండిపోయారు. 1894 ఆగస్టులో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఏర్పడింది. ఆయనే కార్యదర్శి. అప్పు చేసి సంస్థ నడపకూడదన్నది తొలి నియమం. చందా మొదట నెలకు కనీసం ఐదు షిల్లింగులు. నెలనెలా వసూలు కష్టమని తేలడంతో ఏడాదికి కనీసం మూడు పౌన్లుగా మార్చారు.

ఆ మూడు పౌన్లు అనే అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1895లో నేటాల్ ప్రభుత్వం, ఒప్పంద గడువు ముగిసినా స్వదేశానికి తిరిగి వెళ్లని భారతీయ కూలీలపై ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేస్తూ చట్టం చేసింది. చెరకు తోటల్లో పనిచేసిన ఆ కూలీల్లో మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువారూ చాలామంది ఉన్నారు. ఆ పన్ను కట్టడమే వారికి తలకు మించిన భారం. అంతే మొత్తం చందా కట్టి కాంగ్రెస్‌లో సభ్యులు కావడం వారి వల్ల ఎలా అవుతుంది? ఒప్పంద కూలీలు ఆ సంస్థకు వెలుపలే ఉండిపోయారని గాంధీయే ఒప్పుకున్నారు. లెక్కలు సక్రమంగానే ఉన్నాయి. ఆ లెక్కలు అడిగే హక్కు మాత్రం చందా కట్టగలిగిన వ్యాపారులకే దక్కింది.

నగలు, బీమా, ట్రస్టీ అనే మాట

1901లో గాంధీ కుటుంబం భారతదేశానికి బయలుదేరినప్పుడు నేటాల్ భారతీయులు బంగారం, వెండి, వజ్రాల కానుకలు ఇచ్చారు. వాటిలో కస్తూర్బాకు ఇచ్చిన 50 గినీల విలువైన హారం కూడా ఉంది. ప్రజాసేవ చేసినందుకు వచ్చినది తనది ఎలా అవుతుందన్న ప్రశ్నతో ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పార్సీ రుస్తుంజీ తదితరులను ట్రస్టీలుగా పెట్టి, నగలన్నీ సమాజ అవసరాలకు అప్పగించాలని నిర్ణయించారు. కస్తూర్బా ఒప్పుకోలేదు. రేపు కోడళ్లు వస్తారు, వాళ్లకు ఏం పెడతామని నిలదీశారు. ఆయన సేవలో తన చాకిరీ లేదా అని కూడా అడిగారు. చివరికి గాంధీ మాటే నెగ్గింది. అయినా ఆమె అడిగినది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు.

కొన్నేళ్ల తర్వాత జోహానెస్‌బర్గ్‌లో భగవద్గీత చదువుతుండగా అపరిగ్రహం అనే మాట ఆయన్ను వేధించింది. భార్యాబిడ్డలు ఉన్నవాడు ఏమీ లేకుండా ఎలా బతకాలి? అప్పుడు ఆయనకు సాయపడింది లండన్‌లో చదివిన న్యాయశాస్త్రం. ఈక్విటీ సూత్రాలపై స్నెల్ రాసిన పాఠ్యపుస్తకంలో ట్రస్టీ అనే మాటకు ఉన్న అర్థం గుర్తుకొచ్చింది. ఎంత ఆస్తి చేతిలో ఉన్నా అందులో ఒక్క కాసు కూడా తనదని అనుకోనివాడే ట్రస్టీ. తర్వాతి రోజుల్లో దేశమంతా చర్చించిన ధర్మకర్తృత్వ సిద్ధాంతానికి ఒక వేరు గీతలో ఉంటే, మరొకటి ఇంగ్లండ్ ట్రస్టు చట్టంలో ఉంది. దాని వెంటే ఆయన తన 10 వేల రూపాయల జీవిత బీమా పాలసీని మురిగిపోనిచ్చారు. 1904లో స్థాపించిన ఫీనిక్స్ ఆశ్రమాన్ని 1912లో ట్రస్టు దస్తావేజు రాసి ధర్మకర్తలకు అప్పగించారు.

ట్రాన్స్‌వాల్ సత్యాగ్రహం సాగుతున్న రోజుల్లో 1909లో జంషెడ్జీ టాటా చిన్న కుమారుడు రతన్ టాటా బొంబాయి నుంచి 25 వేల రూపాయలు పంపారు. తర్వాత మరికొన్ని విడతలూ వచ్చాయి. జైలుకు వెళ్లిన సత్యాగ్రహుల కుటుంబాల పోషణకు ఆ డబ్బు ఆధారమైంది. ఖర్చు వివరాలను గాంధీ దాతకు బహిరంగంగా నివేదించారు. నేటి భాషలో చెప్పాలంటే అది ఒక ప్రభుత్వాన్ని ఎదిరించే ఉద్యమానికి సముద్రం అవతలి నుంచి వచ్చిన విరాళం.

శాశ్వత నిధి ఎందుకు వద్దన్నారు

నేటాల్ కాంగ్రెస్ దగ్గర డబ్బు మిగలడంతో ఆస్తి కొన్నారు. అద్దెలు రావడం మొదలైంది. ఇక సంస్థ తన కాళ్ల మీద తాను నిలబడుతుందని అందరూ సంతోషించారు, గాంధీ కూడా. ఆయన దక్షిణాఫ్రికా వదిలిన తర్వాత ఆ ఆస్తే తగాదాలకు మూలమైంది. వ్యవహారం కోర్టుకెక్కింది, అద్దె సొమ్ము కోర్టులో పోగుపడసాగింది.

అయితే అంతకంటే చాలా ముందే ఆయన అభిప్రాయం మారింది. ఎన్నో సంస్థలను దగ్గరగా చూశాక ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. ప్రజా సంస్థ ఏటా వచ్చే చందాల మీద బతకాలి, వడ్డీ మీద కాదు. చందాలు ఆగిపోతే ఆ సంస్థ అవసరం ప్రజలకు తీరిపోయిందని అర్థం. నిధి ఉన్న సంస్థకు ఆ భయం ఉండదు. క్రమంగా అది ప్రజాభిప్రాయాన్ని లెక్కచేయదు, కొన్నిసార్లు దానికి ఎదురు తిరుగుతుంది. మత సంస్థల ట్రస్టుల్లో చాలావాటికి ధర్మకర్తలే యజమానులైపోయారని, లెక్క చెప్పడమే మానేశారని ఆయన ఎత్తిచూపారు. భవనాలు లేకుండా నడవని సంస్థలకు మినహాయింపు ఇచ్చారు. రోజువారీ ఖర్చు మాత్రం ఏటికేడు వచ్చే చందాల నుంచే రావాలన్నారు.

మరో మాటలో చెప్పాలంటే, స్వచ్ఛంద సంస్థకు అసలైన నియంత్రణాధికారి దాతే. లైసెన్సు రద్దు చేసే అధికారం ఆ దాత జేబులోనే ఉంది.

ఈ సూత్రానికి 1915లోనే పరీక్ష ఎదురైంది. అహ్మదాబాద్ దగ్గర కోచరబ్‌లో ఆశ్రమం పెట్టిన కొద్ది నెలలకే దూదాభాయ్ అనే దళిత ఉపాధ్యాయుడి కుటుంబాన్ని గాంధీ చేర్చుకున్నారు. దాతలు చందాలు ఆపేశారు. వచ్చే నెలకు డబ్బు లేదని మగన్‌లాల్ చెప్పారు. అయితే దళితవాడకు వెళ్లి ఉందామన్నారు గాంధీ. ఆ పరిస్థితిలో ఒక ఉదయం ఒక సేఠ్ కారులో వచ్చి 13 వేల రూపాయలు ఇచ్చి వెళ్లారు. ఆయన మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయ్ అని చరిత్రకారులు చెబుతారు. ఆశ్రమం గట్టెక్కింది. ఆ కారు రాకపోయి ఉంటే? దాతలే సంస్థను అదుపు చేయాలన్నప్పుడు, ఆ దాతలు అంటరానితనం పాటించేవారైతే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ 13 వేల రూపాయలు జవాబు చెప్పలేదు, వాయిదా వేశాయి.

1917లో చంపారన్ వెళ్లినప్పుడు గాంధీ ఈ విషయంలో మరింత జాగ్రత్తపడ్డారు. నీలిమందు రైతుల నుంచి ఒక్క పైసా తీసుకోకూడదన్నారు. దేశమంతటికీ విజ్ఞప్తి చేస్తే స్థానిక సమస్య రాజకీయ రంగు పులుముకుంటుందని అదీ వద్దన్నారు. బిహార్‌లోని సంపన్నులు, రంగూన్‌లో ఉన్న మిత్రుడు డాక్టర్ ప్రాణ్‌జీవన్ మెహతా సాయం చేశారు. మొత్తం ఖర్చు మూడు వేల రూపాయలు దాటలేదు. కొన్ని వందలు మిగిలాయి కూడా.

బెజవాడ తీర్మానం, కోటి రూపాయలు

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అనగానే తెలుగువారికి పింగళి వెంకయ్య జెండా గుర్తొస్తుంది. అదే సమావేశం మరో నిర్ణయం తీసుకుంది. జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలి, కోటి మంది సభ్యులను చేర్చాలి, 20 లక్షల చరఖాలు తిప్పించాలి. మూడు నెలల్లో కోటి రూపాయలంటే చాలామంది నవ్వారు. గడువు నాటికి లక్ష్యం దాటింది.

డబ్బు వచ్చాక అనుమానాలూ వచ్చాయి. కోటి ఏమైందన్న ప్రశ్న ఏళ్ల తరబడి వినిపించింది. గాంధీ దాన్ని అవమానంగా భావించలేదు. లెక్కలు అడగడం ప్రజల హక్కు అన్నదే ఆయన వైఖరి. ప్రతి పైసాకూ లెక్క ఉండాలని తన పత్రికల్లో పదేపదే రాశారు.

సొంత ఇంటికీ అదే కొలమానం వాడారు. 1929 ఏప్రిల్‌లో ఖాదీ నిధి కోసం ఆంధ్ర జిల్లాల పర్యటన మొదలవుతున్న రోజుల్లోనే, ఆశ్రమంలో జరిగిన తప్పులను ఆయన నవజీవన్ పత్రికలో బయటపెట్టారు. దగ్గరి బంధువు ఒకరు చేసిన చిన్న చిన్న చేతివాటాలతో పాటు, ఎవరో ఇచ్చిన నాలుగు రూపాయలను కస్తూర్బా ఆశ్రమ కార్యాలయంలో జమ చేయకపోవడం కూడా అందులో ఉంది. నాలుగు రూపాయల కోసం భార్యను దేశం ముందు నిలబెట్టడం క్రూరమని నేటి పాఠకుడికి అనిపించవచ్చు. ప్రజలకు లెక్క చెప్పే పద్ధతి ఇంటి గడప దగ్గర ఆగితే దానికి విలువ లేదని ఆయన అనుకున్నారు. ఆ వెల మాత్రం ఎక్కువసార్లు కస్తూర్బాయే చెల్లించారు.

అంబేడ్కర్ అడిగిన ప్రశ్న

1932 సెప్టెంబర్‌లో పూనా ఒప్పందం తర్వాత అంటరానితనం నిర్మూలనకు ఒక సంస్థ ఏర్పడింది. అదే హరిజన సేవక సంఘం. ఘనశ్యామ్‌దాస్ బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ బాపా కార్యదర్శి. కేంద్ర కమిటీలో అంబేడ్కర్ కూడా ఉన్నారు. బావులు, బడులు, దారుల దగ్గర పౌరహక్కుల కోసం పోరాడటం ముందు పని కావాలని ఆయన రాసి పంపారు. ఆ సూచనలకు స్పందన లేకపోవడంతో బయటికి వచ్చేశారు.

1933 నవంబర్ నుంచి సుమారు తొమ్మిది నెలలపాటు గాంధీ దాదాపు 12,500 మైళ్లు తిరిగి, హరిజన నిధికి సుమారు 8 లక్షల రూపాయలు పోగుచేశారు. ఆంధ్ర జిల్లాలకు డిసెంబర్‌లో వచ్చారు. ఆడవాళ్లు ఇచ్చిన గాజులు, గొలుసులు సభల్లోనే వేలం వేసేవారు. సంతకం పెట్టినా ఐదు రూపాయలు తీసుకుని నిధిలో వేసేవారు.

ఆ నిధి ఎవరి కోసమో వారికి నిర్వహణలో చోటు కావాలని దళిత ప్రతినిధులు అడిగారు. గాంధీ ఒప్పుకోలేదు. ఇది సవర్ణ హిందువులు తీర్చుకుంటున్న రుణం, తీర్చే పద్ధతిని రుణగ్రస్తులే నిర్ణయించుకోవాలి, దళితులు సలహా సంఘాలు పెట్టుకుని చెప్పవచ్చు అన్నది ఆయన వాదన. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి చేసినదేమిటో విమర్శిస్తూ రాసిన పుస్తకంలో అంబేడ్కర్ ఈ సంఘం తీరును కడిగేశారు. ఎవరి పేరున డబ్బు వచ్చిందో వారికి ఆ డబ్బుపై మాట లేకపోతే, అది సేవ పేరిట పెత్తనమే అవుతుందన్నది ఆయన విమర్శ సారం.

నేటాల్ చెరకు తోటల కూలీకీ, హరిజన నిధి పేరు మోసిన దళితుడికీ మధ్య నాలుగు దశాబ్దాల దూరం ఉంది. గాంధీ లెక్కల పుస్తకంలో మాత్రం ఇద్దరి స్థానం ఒకటే. ఇచ్చినవారికి ఆయన చివరి పైసా వరకు లెక్క చెప్పారు. పుచ్చుకున్నవారికి కూడా లెక్క చెప్పాలన్నది ఆ పద్ధతిలో లేదు.

ఖాదీ అమ్మడం వ్యాపారమా, దానమా?

ప్రభుత్వానికి లెక్క చెప్పాల్సిన సందర్భమూ వచ్చింది. 1925 సెప్టెంబర్‌లో పాట్నాలో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘానికి గాంధీయే అధ్యక్షుడు. నూలు వడికే పేదలకు కూలి ఇచ్చి, గుడ్డ నేయించి అమ్మేది. ఆదాయపు పన్ను శాఖ పన్ను కట్టమంది. 1922 చట్టం ప్రకారం పేదల సహాయం, విద్య, వైద్య సహాయం, సామాన్య ప్రజాప్రయోజనం కోసం నడిచే సంస్థలకే మినహాయింపు. గుడ్డ అమ్మే సంస్థ, అందులోనూ కాంగ్రెస్‌లో పుట్టినది, ధార్మిక సంస్థ ఎలా అవుతుందన్నది ప్రశ్న. బొంబాయి హైకోర్టు సంఘానికి వ్యతిరేకంగా చెప్పింది.

1944లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును తిరగదోడింది. సంఘం అసలు ఉద్దేశం పేదలకు ఉపశమనం, లాభం ఎవరి జేబులోకీ పోవడం లేదు, కాంగ్రెస్‌తో పుట్టుక సంబంధం ఉన్నంత మాత్రాన అది రాజకీయ సంస్థ కాదని తేల్చింది. ఆ ఏడాది మే 6 దాకా గాంధీ క్విట్ ఇండియా ఖైదీగా ఆగాఖాన్ భవనంలో ఉన్నారు. కస్తూర్బా ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. తనను ధిక్కరించి జైలుకెళ్లిన మనిషి సంస్థకు సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానం చట్టం ప్రకారం మినహాయింపు ఇచ్చింది. ఆ నిర్వచనంలోని మాటలు 1961 ఆదాయపు పన్ను చట్టంలోకీ వచ్చాయి. సేవా సంస్థ ఏదైనా అమ్మితే అది వ్యాపారమా అన్న వివాదం నేటికీ కోర్టుల్లో నలుగుతూనే ఉంది.

ఆయన తర్వాత

గాంధీ హత్య తర్వాత ఆయన పేరున దేశమంతా చందాలు పోగుచేసి గాంధీ స్మారక నిధి ఏర్పాటు చేశారు. శాశ్వత నిధులు వద్దన్న మనిషికి స్మారకం ఒక పెద్ద నిధి. 1982లో ఇందిరా గాంధీ ప్రభుత్వం నియమించిన కుదాల్ కమిషన్ గాంధీ శాంతి ప్రతిష్ఠాన్ సహా గాంధేయ సంస్థల విరాళాలపై విచారణ జరిపింది. జయప్రకాశ్ నారాయణ్‌తో వాటికున్న అనుబంధానికి ఇది కక్ష సాధింపు అని ఆ సంస్థలు అన్నాయి. కమిషన్ ఏళ్ల తరబడి సాగి 1987లో ముగిసింది.

విదేశీ విరాళాల నియంత్రణకు తొలి చట్టం 1976లో, అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చింది. 2010లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2020 సవరణతో విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. డబ్బంతా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలోకి రావాలి, వచ్చినదాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. 2022లో మార్చిన నిబంధనలు, మూడు నెలలకోసారి విరాళాల వివరాలను వెబ్‌సైట్‌లో పెట్టాలన్న షరతును తీసేశాయి. ఏడాది లెక్కలు పెడితే చాలు. ప్రభుత్వానికి తెలియాల్సింది పెరిగింది, ప్రజలకు తెలిసేది తగ్గింది.

దొంగ సంస్థలు లేవని ఎవరూ అనరు. నిఘా అవసరమే. సంస్థ బతుకు ఒక మంత్రిత్వ శాఖ పునరుద్ధరించే రిజిస్ట్రేషన్ మీదే ఆధారపడితే, అది ముందుగా ఎవరి మొహం చూస్తుంది? గాంధీ దాతల మొహం చూడమన్నారు. అంబేడ్కర్ ఎవరి కోసం పనిచేస్తున్నామో వారి మొహం చూడమన్నారు. మన చట్టాలు ఈ రెండింటినీ పక్కనపెట్టి అధికారి బల్ల వైపు చూపిస్తున్నాయి.

హత్యకు ముందు రోజు, 1948 జనవరి 29న, గాంధీ ఒక ముసాయిదా రాశారు. కాంగ్రెస్‌ను రద్దు చేసి లోక్ సేవక్ సంఘంగా మార్చాలన్నది దాని సారాంశం. అందులో డబ్బు గురించి కూడా ఒక నిబంధన ఉంది. నిధులు గ్రామస్థుల నుంచి, ఇతరుల నుంచి సేకరించాలి, పేదవాడి కానీ పోగుచేయడంపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. టోంగాట్‌లో షావుకారు గుమ్మంలో ఆకలితో కూర్చున్న రాత్రికీ ఆ కాగితానికీ మధ్య 50 ఏళ్లు గడిచాయి. చందా ఎవరి దగ్గర అడగాలన్న విషయంలో ఆయన చివరికి షావుకారు గుమ్మం దాటి పేదవాడి గుడిసె దాకా వచ్చారు. కానీ ఇచ్చిన పేదవాడికి లెక్క అడిగే హక్కు కూడా వస్తుంది. ఆ సంఘం ఏర్పడలేదు. ఆ హక్కు ఎలా ఉండేదో మనం చూడలేదు.